తూకం సీసా

ఉదయం ఐదున్నరకు ఐలేశ్ బరువు డెబ్బై నాలుగున్నర కిలోలు. ఆ లెక్క చెప్పింది కాటా కాదు, అతని తండ్రి వీపు.

లస్మయ్య జనగామ మార్కెట్ యార్డులో హమాలీ. జఫర్‌గఢ్ నుంచి వచ్చి ముప్పై ఏళ్లయింది. వడ్లు, మక్కలు, కందులు, ఏ బస్తా వీపు మీద పడినా వెంటనే దాని బరువు పైకి అనడం ఆయన అలవాటు. ఆయన అరవై రెండు అంటే కాటా మీదా అరవై రెండే తేలేది. యార్డుకు కొత్తగా వచ్చిన గుమాస్తాలు ఆయనతో పందెం కాసి చాయ్ ఇప్పించి పోయేవారు. ఆ ఉదయం కొడుకు ముఖం చూసి, అద్దె గది ముందు మోకాళ్లు వంచి నిలబడి, “ఎక్కు కొడుకా” అన్నాడు.

ఐలేశ్ ఎక్కాడు. లస్మయ్య రెండడుగులు వేసి దింపాడు.

“డెబ్బై నాలుగున్నర. పరేషాన్ గాకు.”

సాయంత్రం అదే వీపు ఇంకో అంకె చెప్పింది. ఇద్దరు మనుషులు దాచుకున్న రెండు నిజాలు ఆ అంకె దగ్గర ఢీకొన్నాయి.

ఐలేశ్‌కి ఇరవై మూడేళ్లు. భూపాలపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో ఆ రోజు బాడీబిల్డింగ్ పోటీ. డెబ్బై ఐదు కిలోల లోపు తరగతిలో అతని పేరుంది. నిన్న మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్లు తాగలేదు. ఉప్పు మానేసి వారమైంది. చర్మం కాగితంలా కండకు అతుక్కుపోయింది. బుగ్గల్లో గుంటలు. పెదవుల మీద పగుళ్లు.

అతని అక్క రజిత ముందు రోజే మహబూబాబాద్ నుంచి వచ్చింది. అక్కడ ఆడపిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పుతుంది. తనూ ఒకప్పుడు రాష్ట్ర పోటీల్లో ఎత్తిన మనిషి. తల్లి పోయినప్పుడు ఐలేశ్‌కి ఆరేళ్లు, ఆమెకు పదకొండు. అప్పటి నుంచి తమ్ముడికి అన్నం పెట్టిన చెయ్యి ఆమెదే.

“గోలీలేమన్న మింగుతున్నవా?” అని అడిగింది, చొక్కా గుండీలు పెడుతూ.

“లేదక్కా.”

“నా మొఖం చూసి చెప్పు.”

చూశాడు. “లేదు.”

ఆమె శిష్యురాలు ఒకతి ఏదో మందు మింగి పట్టుబడి నాలుగేళ్ల నిషేధానికి గురైంది. ఆ తర్వాత రజిత తమ్ముడి చేత అమ్మ ఫోటో ముందు ఒట్టు వేయించుకుంది. అందుకే ఐలేశ్ అబద్ధం చెప్పాడు. అరగంట కిందట బాత్రూంలో, నీళ్లు లేకుండా, ఉమ్మితోనే ఒక తెల్ల గోలి మింగాడు. అలా మింగడం అది నాలుగో రోజు. ఆ గోలీలు వేణు ఇచ్చాడు. ఒంట్లో మిగిలిన నీటిని బయటికి తోసేస్తాయని చెప్పాడు.

వేణు జనగామలో జిమ్ నడుపుతాడు. నలభై దగ్గర పడ్డ మనిషి, కుండలాంటి మెడ. ఐలేశ్ గదిలో గోడకు ఒక కాగితం అతికించి ఏం తినాలో, ఏం తినకూడదో రాసి పెట్టాడు. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు అని అందులో కింద రెండు గీతలు గీసి మరీ ఉంది. ఎందుకు వద్దో రాయలేదు. ఐలేశ్ అడగలేదు. ఆ జిమ్‌లో ఎందుకు అని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

ఐదు ముప్పావుకు వేణు కారు వచ్చింది.

కారు హన్మకొండ దాటేసరికి తెల్లగా తెల్లవారింది. లస్మయ్య ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూస్తూ అడిగాడు.

“స్టేజీ మీద ఏం ఎత్తుతరు?”

“ఏం ఎత్తరు కాక. చూపిస్తరు,” అన్నాడు వేణు.

“ఏం చూపిస్తరు?”

“కండలు.”

“ఎత్తేది లేనప్పుడు కండలెందుకు?”

వెనక సీట్లో రజిత నవ్వింది. “అడుగు బాపు, గట్టిగ అడుగు. మా ఆటల మనిషి ఎట్లున్నడో ఎవ్వడు చూడడు. బొజ్జ ఉన్నా మంచిదే. నేల మీదికెళ్లి ఒక్క ఊపుల నెత్తి మీదికి పోవాలె. లేదంటే భుజాల దాక తెచ్చి, ఆడికెళ్లి మీదికి. ఎత్తి ఆగినవా, దీపం వెలుగుతది. ఆగలేదా, గంతే.”

“చెల్లె, మా పవర్‌లిఫ్టింగ్ ముచ్చట గూడ చెప్పు,” అన్నాడు వేణు. జిమ్ పెట్టక ముందు అతను ఆ ఆటలో ఉన్నాడు.

“నువ్వే చెప్పన్నా.”

“మాది మూడు తీర్లు కాక. బరువు భుజాల మీద ఏసుకొని కూసోని లేసుడు, బల్ల మీద పండుకొని తోసుడు, నేల మీదికెళ్లి తొడల దాక గుంజుడు. నెత్తి మీదికి పోయే పని లేదు. నేను రెండు వందల నలభై కిలోలు గుంజిన.”

“గుంజి?”

“మళ్ల కింద పెడుతం.”

“లారీల ఎయ్యరా?”

నలుగురూ నవ్వారు. నవ్వినప్పుడు ఐలేశ్ పెదవి పగిలి రక్తం చుక్క వచ్చింది. రజిత కొంగుతో తుడవబోతే తల పక్కకు తిప్పుకున్నాడు.

“నీ ఆటల తరగతులు లేవు గదా బాపు,” అన్నాడు.

“ఎందుకు లెవ్వు? రెండున్నయ్. ఎత్తెటోడు, ఎత్తనోడు.”

పరకాలలో చాయ్ కోసం ఆగారు. వేణు, లస్మయ్య హోటల్లోకి వెళ్లారు. రజిత రోడ్డు దాటి కొబ్బరి బొండాల బండి దగ్గరికి వెళ్లింది. ఆమె చేతిలో నీలం రంగు సీసా ఉంది. రెండు లీటర్లు పడుతుంది. మూత పక్కన సొట్ట.

ఆ సీసాకు మహబూబాబాద్‌లో ఒక పేరుంది. తూకం సీసా.

రజితకు ఆట నేర్పిన మొగిలి సారు పెట్టిన పద్ధతి అది. పోటీకి ముందు అందరూ నీళ్లు తగ్గించి, తమ తరగతికి సరిపడా బరువుకు దిగుతారు. తూకం అయ్యాక ఎత్తడానికి రెండు గంటల సమయం ఉంటుంది. ఆ రెండు గంటల్లో ఎండిన ఒంటిని మళ్లీ నింపాలి, లేకపోతే చేతుల్లో బలం ఉండదు. అందుకని ప్రతి పిల్ల తన సీసా ముందే నింపుకొస్తుంది. కొబ్బరినీళ్లు, నిమ్మకాయ, గ్లూకోజు, చిటికెడు ఉప్పు. తూకం కాగితం మీద సంతకం పడేదాకా మూత తియ్యకూడదు. తీశాక మధ్యలో ఆపకూడదు. అడుగు కనబడాలె అనేవారు మొగిలి సారు. పదిహేనేళ్లుగా రజిత ఆ సీసాలోనే తాగింది. తన పిల్లల చేతా అలాగే తాగించింది. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లెవరూ గోలీలు మింగలేదు.

ఆమె కారు దగ్గరికి వచ్చేసరికి వేణు కూడా వచ్చాడు. సీసా చూశాడు.

“నీకేనా?”

“నాకే,” అంది రజిత. నిజం చెబితే దారి పొడుగునా గొడవ అవుతుంది. ఈ మనిషి పోటీ అయ్యేదాకా పిల్లవాడిని ఎండబెట్టేలా ఉన్నాడు. తూకం అయిపోనీ, తర్వాత చూసుకుందాం అనుకుంది.

తొమ్మిదింటికి భూపాలపల్లిలో తూకం వేశారు. డెబ్బై నాలుగు కిలోల ఆరు వందల గ్రాములు. లస్మయ్య కాటా మీది అంకె చూసి, నూరు గ్రాములు ఎక్కువ చూపిస్తుందని గొణిగాడు.

పోటీ పదకొండింటికి అన్నారు. ముఖ్య అతిథి దారిలో ఉన్నాడన్నారు. పన్నెండయింది. ఒంటిగంటయింది. మార్చి నెల ఎండకు హాలు మీది రేకులు కాలిపోతున్నాయి. కుర్చీలన్నీ నిండాయి. మైకులో ఒకతను వస్తున్నారు, వచ్చేస్తున్నారు అని చెబుతూనే ఉన్నాడు.

స్టేజీ వెనక గదిలో పాతికమంది కుర్రాళ్లు చాపల మీద పడుకుని కాళ్లు గోడకు ఆనించి పెట్టారు. అందరి ఒంటికీ గోధుమ రంగు పూసి ఉంది. లైట్ల కింద కండ గీతలు స్పష్టంగా కనబడాలని పూసే రంగు అది. ముఖాలు, మెడలు, వేళ్లు, అన్నీ ఒకే రంగు. ఎవరి అసలు రంగు ఏమిటో చెప్పలేం.

రెండున్నరకు వేణు నిర్వాహకులతో మాట్లాడటానికి బయటికి వెళ్లాడు. రజిత లోపలికి వచ్చింది.

ఐలేశ్ ఎడమ పిక్క పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. నరం ముద్దలా లేచింది. ఆమె అతని పాదాన్ని వెనక్కి వంచి పట్టుకుంది. అది తగ్గగానే కుడి తొడ పట్టేసింది. ఏడుపు ముఖం పెట్టాడు గానీ కంట్లోంచి నీరు రాలేదు.

“దూపైతుందక్కా.”

“తూకం ఎప్పుడైంది?”

“తొమ్మిదింటికి.”

“ఐదున్నర గంటలాయె. ఇంక ఏం తూకం ఉందని నిన్ను ఎండబెడుతుండు?” సంచిలోంచి నీలం సీసా తీసింది.

ఐలేశ్ లేచి కూర్చున్నాడు. సీసా వంక చూశాడు. చిన్నప్పటి నుంచి తెలిసిన సీసా అది. అక్క గెలిచి వచ్చిన రోజుల్లో అందులో మిగిలిన నిమ్మ వాసన పీల్చేవాడు.

“కొబ్బరినీళ్లా? వద్దన్నడు వేణన్న.”

“ఎందుకంట?”

“తోలు ఉబ్బుతదంట.”

నిజానికి వేణు అలా అనలేదు. జిమ్‌లో ఎవరో అన్నారు. ఐలేశ్ అదే కారణమనుకున్నాడు.

“తోలు ఉబ్బితే మార్కులు పోతయ్, గంతేనా? మనిషి ఆగమైతుంటే మార్కులేంది తమ్మీ. తాగు.”

“అన్నకు చెప్పకు.”

“చెప్ప.”

మొదటి గుక్కకు అతని కళ్లు మూతపడ్డాయి. గొంతు గుటకలు వేస్తున్న చప్పుడు పక్క చాపల దాకా వినబడింది. ఇద్దరు ముగ్గురు ఆశగా చూశారు. సగం దాకా తాగి ఆపాడు.

“చాలక్కా.”

“మొగిలి సారేమంటడు?”

అతను నవ్వాడు. “అడుగు కనబడాలె.”

“మరి?”

అడుగు కనబడింది. ఆ మీద మూడు అరటిపండ్లు తినిపించింది. పావుగంటలో పిక్కలు వదిలాయి. ఐలేశ్ గోడకు ఆనుకుని, బాపు స్టేజీ ఎక్కి ఆ కాటాను తిట్టకుండా చూడమని జోకు కూడా వేశాడు. రజితకు గుండె నిమ్మళించింది. ఖాళీ సీసా సంచిలో పెట్టుకుంది.

నాలుగింటికి ముఖ్య అతిథి వచ్చాడు. పూలదండలు, ప్రసంగాలు. నాలుగూ నలభైకి డెబ్బై ఐదు కిలోల వాళ్లను పిలిచారు.

వేణు వచ్చి ఐలేశ్ చేతికి రబ్బరు తాడు ఇచ్చాడు, స్టేజీ ఎక్కే ముందు లాగితే కండలు నిండుతాయని. ఐలేశ్ నాలుగుసార్లు లాగాడు. ఐదోసారి తాడు చేతిలోంచి జారింది.

“ఏమాయెరా?”

“మూతి తిమ్మిరెక్కుతుందన్నా. చేతులు నావి కానట్టున్నయ్.”

“భయం. స్టేజీ ఎక్కితే పోతది.”

వేణు అతని ముఖం పరీక్షగా చూశాడు. రంగు కింద ఏం జరుగుతుందో కనబడలేదు.

తొమ్మిది మంది వరసగా నిలబడ్డారు. లస్మయ్య మూడో వరస కుర్చీలో, పక్కన రజిత. ముందుకు తిరగండి అన్నారు, తిరిగారు. చేతులెత్తి కండ చూపమన్నారు. ఎనిమిది మంది చేతులెత్తారు. ఐలేశ్ చేతులు భుజాల దాకా వచ్చి ఆగిపోయాయి. తర్వాత మోకాళ్లు మడతపడ్డాయి. వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. కొందరు నవ్వారు.

లస్మయ్య అప్పటికే స్టేజీ మీదున్నాడు.

“ఎవ్వరు పట్టకుండ్రి,” అన్నాడు సాయం రాబోయిన వాళ్లతో. కొడుకు చేతులు తన భుజాల మీదుగా ముందుకు లాక్కుని, నడుం వంచి, ఒక్క కుదుపుతో వీపు మీదికి తీసుకున్నాడు. యార్డులో బస్తాను తీసుకున్నట్టే.

బయట వేణు కారుకు అడ్డంగా ముఖ్య అతిథి బండ్లు నాలుగు నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు లేరు. దవాఖాన రోడ్డుకు అవతల, రెండు వందల గజాల దూరం. లస్మయ్య పరుగు తీశాడు. ఒక పక్క రజిత, ఇంకో పక్క వేణు. గోధుమ రంగు ఆయన తెల్ల అంగీకి అంటుకుంటోంది.

పది అడుగులు వేశాక లస్మయ్య ఆగకుండానే అన్నాడు.

“డెబ్బై ఆరు దాటిండు.”

లస్మయ్య కొడుకును ఇంకాస్త పైకి ఎగదోసుకున్నాడు.

“పొద్దున డెబ్బై నాలుగున్నర. ఇప్పుడు ఆరు మీద ఉన్నడు. ఏం తాగిండు వీడు?”

“సుక్క గూడ తాగలే కాక,” అన్నాడు వేణు రొప్పుతూ. “నా మాట తప్పడు.”

“నా వీపుకు తెల్వదా? ఏం తాగిండు?”

“నేను తాగించిన బాపు,” అంది రజిత. “కొబ్బరినీళ్లు. సీసా నిండ.”

పక్కన పరుగు చప్పుడు ఆగిపోయింది. రజిత వెనక్కి తిరిగి చూసింది. వేణు నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. నోరు తెరుచుకుని ఉంది. ఒక చేత్తో నడుముకున్న నల్ల సంచిని పొట్టకు అదుముకుంటున్నాడు.

కొబ్బరినీళ్ల పేరు వింటే మనిషి అలా ఎందుకు ఆగిపోతాడు? రజితకు కారణం తెలియలేదు. కానీ ఏదో ఉందని తెలిసింది.

దవాఖానలో డ్యూటీ డాక్టరు దీప. ముప్పై ఏళ్లుంటాయి. ఐలేశ్ ఛాతీ మీది రంగును స్పిరిటుతో తుడిచి తీగలు అంటించింది. తుడిచిన చోట చర్మం బూడిద రంగులో ఉంది. యంత్రంలోంచి వచ్చిన కాగితం మీద గీతలు గుడారాల్లా పొడుగ్గా లేచి ఉన్నాయి. ఒక గుడారానికీ ఇంకో గుడారానికీ మధ్య దూరం పెరుగుతోంది.

“రక్తంలో పొటాషియం ఎక్కువైనట్టుంది, గుండెకు ప్రమాదం,” అంది నర్సుతో. సూది మందు తీసుకురమ్మంది. తర్వాత వీళ్ల వైపు తిరిగింది. “ఏం తీసుకున్నాడు?”

“రెండు లీటర్ల కొబ్బరినీళ్లు మేడం. మూడు అరటిపండ్లు. రెండు గంటలైంది.”

“కిడ్నీ జబ్బేమైనా ఉందా?”

“లేదు.”

“మంచి కిడ్నీలున్న వయసు పిల్లగాడికి వాటితోనే ఇంత కాదు. ఇంకేదో ఉంది. గోలీలు ఏమైనా? పేరు తెలిస్తే అది ఒంట్లో ఎన్నాళ్లుంటుందో తెలుస్తుంది. హన్మకొండలో డయాలిసిస్‌కి ఇప్పుడే చెప్పి సిద్ధం చేయించాలి.”

వేణు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“అన్నా,” అంది రజిత. “ఏమిచ్చినవ్?”

“ఏం ఇయ్యలే చెల్లె.”

“సంచిల ఏముంది?”

“టవలు.”

అతను వెనక్కి అడుగు వేశాడు. జిమ్‌లో ఇంకా నలభై మంది కుర్రాళ్లున్నారు. వాళ్లలో ఆరుగురు అదే గోలి మింగుతున్నారు. ఆ లెక్క అతని కళ్లలో తిరుగుతున్నట్టు రజితకు తర్వాత చాలా రోజులు అనిపించింది. అప్పుడు మాత్రం ఆమె సంచి పట్టీ పట్టుకుంది.

రెండు వందల నలభై కిలోలు నేల మీది నుంచి లాగిన పిడికిలి వేణుది. ఆమె యాభై ఎనిమిది కిలోల మనిషి. లాగింది. కదల్లేదు. వేణు తన వైపు లాక్కున్నాడు, తన ఆటలో లాగినట్టే, నడుం బిగించి, మెల్లగా, వదలకుండా. పవర్‌లిఫ్టర్ చివరి దాకా లాగుతాడు. వెయిట్‌లిఫ్టర్ అలా చెయ్యడు. బరువు పైకి లేచిన అరక్షణంలో లాగడం ఆపి దాని కిందికి దూకుతాడు. రజిత ఒక్కసారి గట్టిగా లాగి, అతను ఎదురు లాగగానే పట్టు సడలించకుండా మోకాళ్ల మీద కిందికి పడిపోయింది. పట్టీ తెగి, వేణు తన లాగుడుకు తానే వెనక్కి తూలి తలుపుకు కొట్టుకున్నాడు. సంచి జారి నోరు విచ్చుకుంది. నేల మీద టవలు, దువ్వెన, మూడు గోలీల పట్టీలు.

డాక్టరు ఒక గోలీల పట్టీ తీసి పేరు చదివింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

“ఇది నీళ్లను బయటికి పంపిస్తుంది. పొటాషియాన్ని మాత్రం లోపలే పట్టి ఉంచుతుంది. దీని మీద పొటాషియం నిండిన కొబ్బరినీళ్లా?”

“తాగొద్దని రాసిచ్చిన మేడం,” అన్నాడు వేణు నేల మీది నుంచి. “గోడకు అంటబెట్టిన.”

“ఎందుకు తాగొద్దో రాసినవా?” అంది రజిత.

వేణు నేల మీది దువ్వెన, టవలు ఏరుకోసాగాడు.

సూది మందు పని చేసింది. గుడారాలు పొట్టివయ్యాయి. ఐలేశ్ కళ్లు తెరిచాడు. తండ్రిని చూసి, తర్వాత అక్కను చూశాడు.

“మార్కులేసిండ్రా?”

“ఏసిండ్రు,” అంది రజిత.

“అక్కా, ఒట్టు…”

“తర్వాత మాట్లాడుదాం తమ్మీ. పండుకో.”

ఈ మందు గుండెకు కాసేపు కాపలా మాత్రమే కాస్తుందని, పొటాషియాన్ని బయటికి తీయాలంటే డయాలిసిస్ తప్పదని డాక్టరు చెప్పింది. ఇంకో రెండు మందులు ఎక్కించి, నర్సును తోడిచ్చి అంబులెన్సు ఎక్కించింది. ఐదు ముప్పావు. పొద్దున ఆ సమయానికే జనగామలో కారెక్కారు.

రోడ్డు ఉదయం వచ్చినదే. రజిత తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పరకాల ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా తెర మీది గుండె గీత మళ్లీ వెడల్పయింది. నర్సు సూది వేసింది. ఇంకొకటి వేసింది. ఛాతీ మీద రెండు చేతులు పెట్టి నొక్కసాగింది. ఆమె అలసిపోతే రజిత నొక్కింది. ఎంత లోతు నొక్కాలో, ఏ వేగంతో నొక్కాలో నర్సు చెబుతుంటే అలాగే నొక్కింది. ఆమె చేతులు అలసిపోవు. పరకాల వచ్చింది. కొబ్బరి బొండాల బండి మీద దీపం వెలుగుతోంది. అంబులెన్సు ఆగకుండా దాటింది. ఆమె నొక్కుతూనే ఉంది. నర్సు ఆమె మణికట్టు పట్టుకుని ఆపేదాకా నొక్కుతూనే ఉంది.

మరుసటి రోజు ఉదయం హన్మకొండలో శవ పరీక్ష గది ముందు ఎస్సై కుర్చీ, బల్ల వేయించుకుని వాంగ్మూలం రాసుకున్నాడు. వేణును రాత్రే పట్టుకున్నారు. పారిపోలేదు, జిమ్ తాళం వేస్తుండగా దొరికాడు. మింగుతున్న ఆరుగురినీ పిలిచి ఆపేయమని చెప్పడానికే వెళ్లానన్నాడు. అది నిజమే అయి ఉండొచ్చు.

“గోలీలు వేణు ఇచ్చిండు. అది రాసుకున్న,” అన్నాడు ఎస్సై. “కొబ్బరినీళ్ల సంగతి గట్టిగ రాయాల్నా? అందరు తాగేదే గదా అమ్మా. వాడి వకీలు రేపు నీ మీదికే తిప్పుతడు.”

“రాయుండ్రి సారు.”

“ఎంత తాగిచ్చినవ్?”

“రెండు లీటర్లు.”

“అంత తాగుతనన్నడా?”

“సగంల చాలన్నడు. నేనే ఆపొద్దన్న. అడుగు కనబడేదాక తాగిచ్చిన.”

ఎస్సై కలం ఆగింది. ఆమె వంక చూసి, మళ్లీ రాశాడు. రజిత సంచిలోంచి నీలం సీసా తీసి బల్ల మీద పెట్టింది. లోపల ఒక నిమ్మ గింజ అంటుకుని ఎండిపోయి ఉంది. దాని మీద ఒక చీటీ అంటించి కానిస్టేబులు తీసుకెళ్లాడు.

లస్మయ్య గోడ వారన కూర్చుని అంతా విన్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

“మంచియేనా బిడ్డా ఆ నీళ్లు?” అని అడిగాడు.

“మంచియే బాపు.”

“నువ్వు గూడ అవే తాగేదా?”

“అవే.”

“మరి వాడెందుకు చెప్పలే, గోలి మింగిననని?”

“ఒట్టేయించుకున్న గదా బాపు. నాకు భయపడ్డడు.”

లస్మయ్య తల ఊపాడు. తువ్వాలు మడత పెట్టి మళ్లీ విప్పాడు.

పదకొండింటికి పిలిచారు. తెల్ల గుడ్డలో చుట్టిన దేహాన్ని ఇద్దరు మనుషులు స్ట్రెచరు మీద వరండా దాకా తెచ్చారు. జఫర్‌గఢ్ పోయే బండి గేటు బయట ఆగి ఉంది. లోపలికి రానివ్వలేదు. గేటు దాకా తోసుకుపోతామన్నారు వాళ్లు.

“నేను తీస్కపోత,” అన్నాడు లస్మయ్య.

“పెద్దమనిషీ, కష్టమైతది.”

ఆయన వినిపించుకోలేదు. తువ్వాలు భుజాల మీద పరుచుకున్నాడు. స్ట్రెచరుకు వీపు తిప్పి, మోకాళ్లు వంచి, చేతులు వెనక్కి చాచాడు. రజిత, ఇంకొకతను కలిసి ఎక్కించారు. ఆయన ఒకసారి కుదుపుకుని బరువు సరిచేసుకుని నడవడం మొదలుపెట్టాడు.

రజిత పక్కనే నడిచింది. ఒక చెయ్యి తమ్ముడి వీపు మీద ఆనించి పెట్టింది. వరండా దాటారు. మెట్లు దిగారు. ఆమె వింటూ నడిచింది. ముప్పై ఏళ్లలో ఆ వీపు మీదికి ఎక్కిన ఏ బరువూ అంకె లేకుండా దిగలేదు. యార్డులోని బస్తాలే కాదు, పిల్లలిద్దరినీ ఎప్పుడు ఎత్తుకున్నా చెప్పేవాడు. పద్నాలుగు, పంతొమ్మిది, ముప్పై రెండు. నిన్న రోడ్డు మీద పరుగెత్తుతూ కూడా చెప్పాడు.

గేటు వచ్చింది. లస్మయ్య బండికి వీపు తిప్పి, మెల్లగా వంగి, కొడుకును చెక్కల మీద దింపాడు. కాళ్లు లోపలికి జరిపాడు. బండి వెనక తలుపు డాలా ఎత్తి గొలుసు తగిలించాడు. తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

అంకె చెప్పలేదు.